మెట్లు లేని తలుపు

భర్త సెల్బీ పడుకునే మంచాన్ని మేడ మీంచి ముందుగదిలోకి దింపాక గాని ఆ తలుపు ఎంత వంకరగా ఉందో వెర్నాకి తెలియలేదు.

అంతకుముందు తెలియాల్సిన పనేముంది గనక. డన్నాక్ కోవ్ అనే ఆ చేపల ఊళ్ళో ముందు తలుపు ఎవరూ వాడరు. ప్రతి ఇంటికీ ఒకటి ఉంటుంది, సముద్రం వైపు చూస్తూ. లోపల చెక్క తలుపు, దాని బయట గాలికీ మంచుకీ అడ్డంగా అద్దం బిగించిన అల్యూమినియం తుఫాను తలుపు. అన్నీ ఉంటాయి, కింద మెట్లు తప్ప. నేల మీద నిలబడితే గడప రొమ్ము ఎత్తున ఉంటుంది. కట్టినవాళ్ళు మెట్లు తర్వాత చూద్దాం అనుకున్నారు, ఆ తర్వాత అనేది ఎవరింటికీ రాలేదు. ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం నలుగురు మగవాళ్ళు చేపల డబ్బాలు తెచ్చి ఆ గడప కింద పేరుస్తారు. శవం పెట్టె ఆ దారినే బయటికి వెళుతుంది. సెల్బీ వాళ్ళమ్మ ట్రిఫీనా అలాగే వెళ్ళింది. ఆ తరువాత ఆ తలుపు ఎవరూ తియ్యలేదు.

బతికున్నవాళ్ళ రాకపోకలన్నీ వెనక వంటింటి తలుపు నుంచే. అది కూడా ఎవరూ కొట్టరు. వచ్చినవాళ్ళు బూట్లు విదిలించుకుంటూ నేరుగా లోపలికొస్తారు. లోపలున్నవాళ్ళు తలైనా తిప్పకుండా "రా, రా, తీసే ఉంది, కూర్చో" అని కెటిల్ పొయ్యి మీదకి జరుపుతారు. వచ్చిందెవరో తరువాత తీరుబడిగా చూసుకుంటారు.

సెల్బీకి వేసవిలో పక్షవాతం వచ్చింది. ఎడమవైపంతా పోయింది, మాట ముద్దగా వస్తోంది. మేడ మెట్లు ఎక్కలేడు కాబట్టి మంచం ముందుగదికి వచ్చింది, తల సరిగ్గా ఆ తలుపు పక్కన. వేసవంతా బాగానే ఉంది. నవంబరు గాలులు మొదలయ్యాక బయటి తుఫాను తలుపు తన సంగతి చెప్పుకోవడం మొదలెట్టింది.

టప్… టప్‌టప్… టప్.

పై మూల చట్రానికి రాసుకుంటోంది. కింద వేలు దూరేంత సందు. గడియ నాలుక దాని గాడిలో పడదు. గాలి కాస్త పక్కకి తిరిగితే చాలు, తలుపు లేచి పడుతుంది. ఆ సందులోంచి వచ్చే చలి నేల మీద పాకుతూ వచ్చి మంచం కోళ్ళ దగ్గర ముడుచుకుని పడుకుంటుంది. వెర్నా గుడ్డలు కుక్కింది. తాడుతో కట్టింది. తాడు తెంపుకుని మళ్ళీ టప్.

నిద్ర లేదు. అది కొత్త కాదు, కాని ఇప్పుడు ఉన్న ఆ కాస్తా పోయింది. సెల్బీని రాత్రిళ్ళు పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. తిప్పి వచ్చి పక్కగదిలో సోఫా మీద నడుం వాల్చి, కన్ను అంటుకునే సరికి టప్. లేచి వెళ్ళి చూడటం, అతను కూడా మేలుకునే ఉండటం.

"అమ్మ… వస్తానంటోందే," అనేవాడు సెల్బీ, వంకర పెదవితో నవ్వుతూ.

"నీ మొహం. నోర్మూసుకుని పడుకో."

పోయిన వారం నర్సు జొలీన్ వచ్చింది. చేతులు కడుక్కుని, సెల్బీ బీపీ చూసి, వీపు చూసి, ఆఖర్న వెర్నా మొహం చూసింది.

"పిన్నీ, ఈ చలిగాలి ఆయన ఊపిరితిత్తులకి మంచిది కాదు. పైగా ఏదైనా అయితే స్ట్రెచర్ ఆ వంటింటి మలుపులో తిరగదు. ఈ తలుపు సరిగ్గా తెరుచుకోవాలి, సరిగ్గా మూసుకోవాలి. నువ్వు ఒక్కదానివీ లాగలేకపోతున్నావని నాకు తెలుస్తూనే ఉంది. మళ్ళీ వచ్చేసరికి ఇలాగే ఉంటే హోమ్‌కి రాయక నాకు తప్పదు."

హోమ్ అంటే మంచాన పడ్డవాళ్ళని ఉంచే చోటు, పట్నంలో ఉంది, కారులో సగం రోజు దూరం. గుమ్మం దాకా ఫినాయిల్ వాసన. సెల్బీ తన అన్నని అక్కడ చూసొచ్చాడు. ఆ రోజు కారెక్కాక వెర్నాతో చెప్పిన మాట ఒకటే. "నన్నిక్కడికి తెచ్చే రోజొస్తే పడవలో పడుకోబెట్టి తాడు కోసెయ్." వెర్నా సరే అంది. మాటిచ్చింది. ఇప్పుడా మాట ఒక వంకర తలుపు మీద ఆగి ఉంది.

గాలి పడిపోయిన మధ్యాహ్నం చూసుకుని పని మొదలెట్టింది. లోపలి చెక్క తలుపు తీసి పెట్టి, షెడ్డులోంచి చేపల డబ్బాలు తెచ్చి గడప కింద బోర్లించి, వాటి మీద నిలబడింది. ఆకాశం, సముద్రం ఒకే బూడిద రంగులో ఉన్నాయి. కీలు వైపు నిలువు పట్టీ ఊడదీస్తే లోపల మరలు వేలితో లాగితే వచ్చేశాయి. వెనకున్న చెక్క నానిన రొట్టెలా మెత్తబడింది. అదన్నమాట జబ్బు. తలుపు బరువుకి పై మరలు జారి, మొత్తం ముందుకి వాలింది.

ఇంతలో పక్కింటి చెస్ ముసలాయన వచ్చాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, సలహాలతో సిద్ధంగా.

"ఏం చేస్తున్నావే అమ్మాయ్, ఇల్లు కూల్చేస్తున్నావా?"

"సాయం చెయ్యాలని ఉంటే ఆ డ్రిల్లు అందివ్వు బాబాయ్. లేకపోతే వెలుతురుకి అడ్డం తప్పుకో."

"సెల్బీ చూస్తే నవ్వలేక మంచం దిగొస్తాడు."

"దిగొస్తే అదే పదివేలు. చూసి పొడవాటి మరలు ఇలా అందించు, ఆ పొట్టివి కాదు."

చెస్ అందించాడు. అద్దంలోంచి లోపలికి తొంగి చూసి చెయ్యి ఊపాడు. లోపల్నించి సెల్బీ కుడి చెయ్యి లేచి, ఒక వేలు మాత్రం చూపించింది, మర్యాదైన వేలు కాదు. చెస్ పడీ పడీ నవ్వాడు.

"ఎలా ఉన్నాడు?"

"తింటున్నాడు. నిన్న సూపు మొత్తం తాగాడు."

"మంచిది, మంచిది. మాట?"

"తిట్లు మాత్రం స్పష్టంగా వస్తున్నాయి."

వెర్నా కుళ్ళిన చెక్క ఉలితో గీకేసి, గట్టి దేవదారు ముక్క కోసి ఇరికించింది. మట్టం చూసే నీటిబుడగ బద్ద పెట్టి చూడబోతే చెస్ ఒప్పుకోలేదు.

"అదెందుకే? ఈ ఇల్లు పుట్టినప్పటినుంచీ సముద్రం వైపు వాలి ఉంది. బద్ద చూసి నిలువుగా పెడితే చట్రం ఒప్పుకోదు. చట్రం ఎటు వాలితే తలుపూ అటే వాలాలి. సందు చుట్టూ సమంగా ఉంటే చాలు."

అలాగే చేసింది. పట్టీ వెనక సన్నటి చెక్క పీలికలు దూర్చి, పై మూల ఎత్తి పట్టి, మరలు ఒకటొకటే బిగించింది. భుజాలు లాగేస్తున్నాయి. ఒక చోట కళ్ళు మూతలు పడి నుదురు వెళ్ళి చల్లటి అద్దానికి తగిలింది. అద్దం మీద తన ఊపిరి మచ్చ. తుడిచి మళ్ళీ మొదలెట్టింది. గడియ గాడిని కొంచెం కిందికి దించి బిగించింది. ఆఖర్న, తలుపుని నెమ్మదిగా వెనక్కి లాగే గాలిగొట్టం కొత్తది తగిలించింది. తలుపు బార్లా తీసి వదిలింది.

ఉస్స్…

తలుపు తనంతట తాను వచ్చి, నిట్టూర్చినట్టు ఆగి, చిన్నగా టిక్కుమని మూసుకుంది. రాపిడి లేదు, చప్పుడు లేదు. ఎన్నేళ్ళయిందో ఆ తలుపు అలా మూసుకుని.

"అబ్బో," అన్నాడు చెస్, నిజంగానే మెచ్చుకుంటూ. తర్వాత కిందికి చూసి గొంతు మార్చాడు. "ఆ డబ్బాలు మాత్రం తీసెయ్యి అమ్మాయ్. చీకటి పడకముందే."

"తీస్తాలే బాబాయ్."

"తీస్తాలే కాదు. ఇంట్లో మనిషి మంచం మీద ఉండగా ఆ గడప కింద మెట్టు ఉంచకూడదు. నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. చేతులు పడిపోతున్నా, కుడికాలు ఈడ్చుకుంటూ ఒక్కొక్క డబ్బా మోసుకెళ్ళి షెడ్డులో పెట్టి, గొళ్ళెం వేసి వచ్చింది. వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూసింది. ముందు తలుపు కింద ఏమీ లేదు. గడ్డి, గడ్డి మీద పొగమంచు, అంతే.

నాలుగున్నరకే చీకటి పడింది.

వంటింట్లో పొయ్యిలో కట్టెలు చిటపటమంటున్నాయి. వెర్నా వెనక తలుపుకి ఎదురుగా బల్ల దగ్గర నిలబడి సూపు కోసం దుంపలు చెక్కు తీస్తోంది. ఉల్లిపాయల వాసన, ఉప్పుమాంసం ఉడుకుతున్న వాసన. గాలి మళ్ళీ లేచింది, కప్పు మీద తిరుగుతోంది. కాని టప్ లేదు. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందంటే, నిలబడ్డదే నిలబడ్డట్టు కళ్ళు మూసుకుపోతున్నాయి. ఇవాళ పడుకుంటాను, అనుకుంది. సెల్బీకి తినిపించి, తుడిచి, దుప్పటి మార్చి, తిప్పి… ఆ తరువాత పడుకుంటాను. ఒక్క రాత్రి. నాకు ఒక్క రాత్రి చాలు.

తలుపు ఎవరో కొట్టారు.

మెల్లగా, మర్యాదగా.

"రా, రా, తీసే ఉంది, కూర్చో," అంది వెర్నా.

నోరు ముందు పలికింది. బుర్ర తరువాత మేలుకుంది. చెయ్యి అప్పటికే కెటిల్‌ని పొయ్యి మధ్యకి జరిపేసింది.

వెనక తలుపు ఆమె కళ్ళెదుటే ఉంది. దాని కిటికీలో వసారా దీపం, ఖాళీ వసారా. అక్కడ ఎవరూ లేరు.

ఈ ఊళ్ళో తలుపెవరు కొడతారు?

కొట్టిన చప్పుడు… వెనకనుంచి వచ్చింది. నడవలోంచి. ముందుగది వైపు నుంచి.

అక్కడ నిలబడాలంటే కింద ఏముందని.

ఉస్స్…

గాలిగొట్టం చప్పుడు. మధ్యాహ్నం తాను బిగించిందే. తలుపు తెరుచుకుని, ఎవరో దాటి, మళ్ళీ వెనక్కి వస్తున్న చప్పుడు. చిన్నగా టిక్కు.

నేల మీంచి చలి వచ్చి వెర్నా చీలమండలు పట్టుకుంది. దాంతోపాటు ఒక వాసన. నాచు వాసన కాదు, కుళ్ళిన వాసనా కాదు. ఇస్త్రీ చేసిన దుప్పట్ల వాసన. సబ్బు, వేడి, నూలు. చీకట్లోంచి అలాంటి శుభ్రమైన వాసన వస్తుంటే ఎందుకో ఇంకా భయం వేసింది.

కత్తి చేతిలోనే ఉంది. నడవలోకి అడుగు పెట్టింది. దీపం వెయ్యాలని తోచలేదు. గోడ పట్టుకుని నడిచింది. కోట్లు తగిలించిన కొక్కేలు, మేడ మెట్ల కొస, సెల్బీ ఊపిరి… అదిగో, వినిపిస్తోంది, గురగుర. బతికే ఉన్నాడు. బతికే ఉన్నాడు దేవుడా.

ముందుగదిలో చిన్న దీపం వెలుగుతోంది. చెక్క తలుపు సాయంత్రం తాను మూసినట్టే మూసి ఉంది. సెల్బీ కళ్ళు తెరిచి ఉన్నాయి. అతను తలుపుని చూడటం లేదు, వెర్నాని చూడటం లేదు. మంచం పక్క కుర్చీని చూస్తున్నాడు.

కుర్చీలో ఎవరూ లేరు. కాని మెత్త మధ్యలో అణిగి ఉంది. చూస్తుండగా ఇంకాస్త అణిగింది, కూర్చున్న మనిషి సర్దుకున్నట్టు. పాత చెక్క కిర్రుమంది.

వెర్నా కత్తిని గట్టిగా పట్టుకుంది.

"సెల్బీ… ఎవరు?"

"నువ్వే… పిలిచావు."

"మీ అమ్మా?"

అతను తల అడ్డంగా ఆడించాడు. చాలా నెమ్మదిగా, పిట్ట ఎగిరిపోతుందేమోనన్నంత నెమ్మదిగా.

"నీకోసం వచ్చిందా?" ఈ మాట అనేసరికి వెర్నాకి ఎక్కడలేని కోపం వచ్చింది. మంచానికీ కుర్చీకీ మధ్య వచ్చి నిలబడింది. దుంపల కత్తి, తడి ఏప్రను. "పో. ఇతన్ని ఇవ్వను. ఐదు నెలల్నుంచి ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వను. వెళ్ళిపో."

ఏమీ జరగలేదు. గాలి కప్పు మీద తిరిగింది.

వెనకనుంచి సెల్బీ గుసగుసగా అన్నాడు. "నాకోసం… కాదట."

"మరి?"

"నిన్ను… అడుగుతోంది."

"నన్నా? ఏమని?"

సెల్బీ కాసేపు ఆగాడు, అవతలి మనిషి మాట పూర్తి చెయ్యనిచ్చినట్టు.

"అలిసిపోయావా… అని."

వెర్నా కత్తి దించింది.

ఎవరైనా అడిగారా ఆ మాట? చెస్ వస్తే సెల్బీ ఎలా ఉన్నాడంటాడు. జొలీన్ వస్తే సెల్బీ వీపు చూస్తుంది. చర్చి ఆడవాళ్ళు సెల్బీకోసం ప్రార్థన చేస్తామని కేకు ఇచ్చి వెళతారు. వాళ్ళని అనేందుకేం లేదు, అందరూ మంచివాళ్ళే. కాని మెట్లు లేని గుమ్మం ఎక్కి, చలిలో తలుపు కొట్టి లోపలికొచ్చి ఆ మాట అడిగింది మాత్రం ఇదొక్కటే. ఇది ఏదైనా సరే.

కాదనాలి. ఈ మాటకి జవాబు చెప్పకూడదు. ఒంట్లో వెంట్రుక వెంట్రుకకీ ఆ సంగతి తెలుసు.

"అలిసిపోయాను," అంది వెర్నా.

అది తన గొంతేనా అనిపించింది. లోపల ఎక్కడో నెలల తరబడి పట్టి ఉంచిన మర ఒకటి వదులైనట్టు, కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. "చాలా అలిసిపోయాను. నడుం పోతోంది. ఎప్పుడైనా… ఒక్కోసారి… ఇదంతా అయిపోతే బాగుండునని…" సెల్బీ వింటున్నాడని గుర్తొచ్చి ఆగింది. అప్పటికే ఆలస్యమైంది. సెల్బీ కళ్ళు మూసుకున్నాడు.

కుర్చీ కిర్రుమంది. మెత్త మెల్లగా పైకి లేచి, తన ఆకారంలోకి వచ్చింది. చోటు ఇచ్చినట్టు.

కూర్చోకూడదు, అనుకుంది. సూపు పొయ్యి మీద ఉంది. దుప్పటి మార్చాలి. తిప్పాలి. అయినా కూర్చుంది. మెత్త వెచ్చగా ఉంది. చేతిలో కత్తిని ఎవరో మృదువుగా, చంటిపిల్ల చేతిలోంచి తీసుకున్నట్టు తీసుకున్నారు. శుభ్రమైన దుప్పట్ల వాసన ముక్కు నిండా…

ఒక్క నిమిషం…

…ఒక్క…

మెలకువ వచ్చేసరికి బాగా తెల్లారింది. కిటికీలో పలచటి ఎండ. ఎన్నో ఏళ్ళ తరువాత ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఎక్కడా నొప్పి లేదు. మొదట వచ్చిన ఆలోచన అది. రెండోది సెల్బీ.

సెల్బీ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం నున్నగా గీసి ఉంది. జుట్టు తడిపి పక్కపాపిడి తీసి ఉంది. దుప్పటి మార్చారు. తెల్లటి దుప్పటి, మూలలు కవరు అంచులా మడిచి బిగించి ఉన్నాయి, వెర్నాకి ఎప్పుడూ రాని మడత. మందు సీసాలన్నీ ఎత్తు వారీగా సర్ది ఉన్నాయి. బల్ల మీద ఖాళీ సూపు గిన్నె. అతని బుగ్గల్లో రంగు ఉంది.

"సెల్బీ," అంది, "ఎవరు చేశారివన్నీ?"

లేవబోయింది. ఒంటి మీద ఏదో బరువు. చూసుకుంది. తన పెద్ద కోటు, నడవలో కొక్కేనికి ఉండాల్సింది. గొంతు దాకా గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. కాళ్ళకి బూట్లు. లేసులు రెండేసి ముళ్ళు వేసి ఉన్నాయి, బడికి పంపే పిల్లకి వేసినట్టు. చేతులకి గ్లౌజులు.

వీటిలో ఏదీ తాను వేసుకోలేదు.

సెల్బీ ఆమె వైపు తిరిగాడు. నవ్వాడు. పెదవి వంకర పోలేదు. ఆ చూపు ఆమెకి తెలుసు. గుమ్మంలోకి వచ్చిన కొత్త పాస్టరునీ, దారి తప్పిన టూరిస్టునీ అలా చూస్తాడు, ఎంతో మర్యాదగా.

"లేచారా అమ్మా," అన్నాడు. ఒక్క అక్షరం కూడా ముద్దగా లేదు. "మిమ్మల్ని లేపొద్దంది మా ఆవిడ. పాపం బాగా అలిసిపోయి వచ్చినట్టున్నారు, పడుకోనీ అంది."

"సెల్బీ. నేను… వెర్నాని."

"వెర్నా వంటింట్లో ఉందమ్మా, ఇప్పుడే వస్తుంది." అతను నడవ వైపు తల ఊపాడు. "దారికి మీకు రొట్టె కడుతోంది. మీరు వెళ్ళాల్సింది చాలా దూరమటగా."

వంటింట్లో రొట్టె కోస్తున్న కత్తి చప్పుడు. ఒక సొరుగు తెరుచుకుంది, మూసుకుంది. వెతుకులాట లేదు. ఏది ఎక్కడుందో తెలిసిన చెయ్యి.

కత్తి చప్పుడు ఆగింది.

అడుగులు నడవలోకి తిరిగాయి. తొందర లేని అడుగులు. దగ్గరకొస్తున్నాయి. వాటిలో కుడికాలు కాస్త ఈడుస్తోంది… చేపల ఫ్యాక్టరీలో జారిపడ్డ ఏడాది నుంచీ వెర్నా నడక అలాగే ఉంటుంది.